ఖాళీ రోజు ఎవరి ఖాతాలో?

సూరత్‌లో కొత్తగా పనికొచ్చినవాణ్ణి శేఠ్ రెండే ప్రశ్నలు అడుగుతాడు. ఏం పని వచ్చు, ఎంత కావాలి. మనవాళ్లు రెండో ప్రశ్న దగ్గర బేరానికి కూర్చుంటారు. ఇటునుంచి ఒక అంకె, అటునుంచి ఒక అంకె, మధ్యలో ఎక్కడో తెగుతుంది. నెల జీతమా, మీటరుకింతా, డిజైనుకింతా, ఠేకేదారు కిందా, సొంత బిల్లు మీదా అన్నది ఆ బేరంలో సాధారణంగా మాటకే రాదు. దాన్ని శేఠ్ ముందే తేల్చుకుని ఉంటాడు. అంకె గెలిచామనుకుని మనం బయటికొస్తాం.

ఈ అధ్యాయం ఆ మాటకు రాని సంగతి గురించి. సూరత్‌నే ఎందుకు తీసుకున్నానంటే, ఒకే ఊళ్లో ఇన్ని రకాల పని ఒప్పందాలు పక్కపక్కనే కనబడే చోటు మన దేశంలో తక్కువ. పైగా అక్కడ మనవాళ్లున్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు తరాలుగా భివండీకి, షోలాపూర్‌కి, సూరత్‌కి సాంచెల (మరమగ్గాల) పనికి వెళ్లాయి. లింబాయత్ వీధుల్లో తెలంగాణ తెలుగు వినబడుతుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ ఇళ్లలో తాతలు సాంచె మీద నిలబడి మీటరు లెక్కన సంపాదిస్తే, మనవలు కంప్యూటర్ ముందు కూర్చుని చీరల ప్రింట్లు గీస్తున్నారు, ఎంబ్రాయిడరీ మిషన్లకు పంచింగ్ చేస్తున్నారు, క్యాటలాగ్ ఫొటోలు తీస్తున్నారు. తాతకు మీటరుకింత, మనవడికి డిజైనుకింత. మనవడు తనను ఫ్రీలాన్సర్ అనుకుంటాడు. తాత తనను కూలి అనుకున్నాడు. ఇద్దరి ఒప్పందమూ ఒకటేనని మనవడికి ఎవరూ చెప్పలేదు.

ఏ ఒప్పందాన్నైనా కొలవడానికి నేను పట్టుకునే ప్రశ్న ఒకటే. పని లేని రోజు ఎవరి ఖాతాలో పడుతుంది?

పని ఉన్న రోజు అందరికీ బాగానే ఉంటుంది. సాంచె మీది నూలు బీము అయిపోయి కొత్తది రాకపోతే? నూలు ధర పెరిగిందని శేఠ్ నాలుగు రోజులు సాంచెలు ఆపితే? మీరు గీసిన ప్రింటు నచ్చలేదని తిప్పి పంపితే? నెల జీతగాడికి ఆ రోజు కూడా లెక్కలో ఉంటుంది, నష్టం యజమానిది. పీస్ రేటు మనిషికి ఆ రోజు సున్నా. సొంత మిషను పెట్టుకుని జాబ్ వర్క్ చేసేవాడికి సున్నా కంటే కిందికి పోతుంది, ఎందుకంటే షెడ్డు అద్దె, మిషను మీది అప్పు వాయిదా ఆగవు. ఇక సూరత్ చరిత్రంతా ఖాళీ రోజులు గుట్టగా వచ్చి పడిన చరిత్రే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో జనం రైళ్లు పట్టుకుని ఊరు వదిలారు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది ఊరి మీదికి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, చేతిలో పైసా లేని వలస కార్మికులు ఊళ్లకు పంపమంటూ రోడ్డెక్కారు. వాళ్లలో ఎక్కువమంది మీటరు లెక్కన బతికేవాళ్లు. మగ్గం ఆగిన క్షణాన వాళ్ల సంపాదన ఆగింది. అంత పెద్ద ఆపద రాకపోయినా, దీపావళికి మూతపడిన బజారు లాభ్ పంచమి నాడు గాని మళ్లీ ముహూర్తం చేయదు. ఆ మధ్య రోజులు ఏటా వచ్చేవే, ముందే తెలిసినవే. అయినా రేటు మాట్లాడేటప్పుడు వాటిని లెక్కలో వేసేవాళ్లు అరుదు.

లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించినవి, మీ అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

ఒక కుర్రాడికి రెండు దారులున్నాయనుకుందాం. ఒకటి నెలకు 30,000 జీతం. రెండోది ఇంట్లో కూర్చుని డిజైనుకు 800. రోజుకు రెండు డిజైన్లు, నెలకు 26 రోజులు అంటే 52 డిజైన్లు, 41,600 రూపాయలు. ఏడాదికి దాదాపు ఐదు లక్షలు. జీతమైతే 3,60,000. కుర్రాడి కళ్లు ఐదు లక్షల మీదే ఉంటాయి, వయసు అలాంటిది.

ఇప్పుడు ఖాళీ రోజులు తీద్దాం. దీపావళి మూత, పెళ్లిళ్ల సీజను అయ్యాక వచ్చే మందగింపు, ఒంట్లో బాగోని రోజులు కలిపి ఏడాదిలో తొమ్మిదిన్నర నెలల పనే దొరికిందనుకుందాం. ఐదు లక్షలు 3,95,200కి దిగింది. పదింట ఒకటి తిప్పి పంపితే 3,55,680. కంప్యూటర్ అరుగుదల, సాఫ్ట్‌వేర్, కరెంటు, నెట్టు ఏడాదికి 40,000 వేసుకుంటే చేతికి 3,15,680. అటు జీతం వైపు చూడండి. యజమాని తన వాటా పీఎఫ్ 15,000 మీద 12 శాతం చొప్పున కడితే నెలకు 1,800, ఏడాదికి 21,600. గ్రాట్యుటీ ఏడాది పనికి పదిహేను రోజుల వేతనం, అంటే నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణించాలి. మూల వేతనం 15,000 అయితే దాదాపు 8,650. అన్నీ కలిపితే 3,90,250. ఐదు లక్షలుగా కనబడిన దారి 74 వేల పైచిలుకు వెనకబడింది. రెండూ సమానం కావాలంటే డిజైనుకు 970 రూపాయల దాకా రావాలి. డబ్బు ఆలస్యం, ఎగవేత, ఆస్పత్రి ఖర్చు ఇంకా ఇందులో లేవు. కాబట్టి వెయ్యికి తక్కువ ఒప్పుకుంటే ఆ కుర్రాడు స్వేచ్ఛ పేరుతో శేఠ్‌కు ఏటా కొంత సొమ్ము బహుమతిగా ఇస్తున్నాడన్నమాట.

జీతం వైపున్న ఆ అదనాలు అందరు శేఠ్‌లూ ఇస్తారని కాదు. 20 మంది పనిచేసే చోట పీఎఫ్, 10 మంది పనిచేసే చోట ఈఎస్ఐ ఉండాలి. ఈఎస్ఐలో నెలకు 21,000 లోపు వేతనం ఉన్నవాళ్ల నుంచి 0.75 శాతం కోసి, యజమాని 3.25 శాతం వేస్తాడు. ఆ కాస్త కోతకు కుటుంబం మొత్తానికి వైద్యం దొరుకుతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు పనిలో పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలన్నాయి. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఇచ్చాయి. ఇదివరకు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. నియామక పత్రం ఇవ్వని, పీఎఫ్ కట్టని, దీపావళికి జీతం కోసే "జీతం" ఉద్యోగమైతే పై లెక్కలో 30,000 పక్కన కలిపినవన్నీ కొట్టేసి మళ్లీ చూడండి. అప్పుడు డిజైనుకు 800 అంత చెడ్డది కాకపోవచ్చు.

ఇక్కడ చాలామంది తడబడే సంగతి ఒకటుంది. కాగితం మీద "కాంట్రాక్టర్" అని రాసినంత మాత్రాన మీరు కాంట్రాక్టర్ అయిపోరు. పీస్ రేటు అన్నంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోరు. ఈ విషయంలో మన సుప్రీంకోర్టు చెప్పిన రెండు పాత తీర్పులు తెలుసుకోదగ్గవి. ఒకటి గుజరాత్‌ది, ఒకటి మనది.

కచ్ రణ్ అంచున కూడా అనే చోట ఉప్పు పండించే అగరియాలు ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ కంపెనీకి పనిచేసేవారు. మడి చేతికిచ్చేవారు. అక్టోబరు ప్రాంతంలో మొదలుపెట్టి వేసవి చివరిదాకా కుటుంబమంతా అక్కడే. పండిన ఉప్పుకు మణుగు లెక్కన డబ్బు, నాసిరకం అయితే తిరస్కారం. హాజరు పట్టీ లేదు, పనిగంటలు లేవు, కావాలంటే తమ ఖర్చుతో కూలీలను పెట్టుకోవచ్చు. ఇంతకంటే స్వతంత్ర కాంట్రాక్టర్లు ఎవరుంటారని కంపెనీ వాదించింది. 1956 నవంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పని మొదటి నుంచి చివరిదాకా ఎలా జరగాలో కంపెనీ మనుషులే చూస్తున్నారు, సరిచేస్తున్నారు, కాబట్టి వీళ్లు కార్మికులే అంది.

రెండోది సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు, హైదరాబాద్ దుకాణాల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌తో నడిచినది, 1973లో తేలింది. దర్జీలకు కుట్టిన బట్టకింత అని ఇచ్చేవారు. ఫలానా వేళకు రావాలన్న నియమం లేదు, రాకపోతే సెలవు చీటీ అక్కర్లేదు, కొందరు బట్టలు ఇంటికి పట్టుకుపోయి కుట్టేవారు. కానీ దుకాణంలో మిషన్లు యజమానివి, కుట్టు సరిగా లేకపోతే తిప్పి కుట్టమనే అధికారమూ అతనిదే. జస్టిస్ కె.కె. మాథ్యూ రాసిన తీర్పు వాళ్లను ఉద్యోగులుగానే తేల్చింది.

ఈ రెండు తీర్పుల్లోంచి మనకు పనికొచ్చేది ఇది. పని ఎలా చేయాలో ఎవరు చెబుతున్నారు, పనిముట్టు ఎవరిది, బాగాలేదని తిప్పి పంపితే మళ్లీ చేయాల్సింది ఎవరి సమయంలో, మీరు ఇంకో పార్టీకి పని చేయవచ్చా. శేఠ్ కంప్యూటర్ మీద, శేఠ్ ఆఫీసులో, పొద్దున తొమ్మిదిన్నరకల్లా కూర్చుని, వేరే పార్టీకి గీయకూడదన్న షరతుతో, నెలాఖరుకు "ఫ్రీలాన్స్ బిల్లు" పెడుతున్నారంటే మీరు ఉద్యోగి బరువు మోస్తూ కాంట్రాక్టర్ జీతం తీసుకుంటున్నారు. కోర్టుకెక్కమని నేను చెప్పడం లేదు. ఆ కేసులకు ఏళ్లు పడతాయి, అంతలో పూట గడవాలి. బేరానికి కూర్చున్నప్పుడు ఆ షరతుల్లో ఒక్కోదానికి ఒక ధర ఉందని గుర్తుంచుకుంటే చాలు. వేరే పార్టీకి గీయొద్దంటారా, అయితే నెలకింత ఖాయం అని రాయండి. ఆఫీసుకే రావాలంటారా, అయితే నియామక పత్రం ఇవ్వండి.

ఈ తంటా సూరత్‌కే పరిమితం అనుకోకండి. అమెరికాలో ఉన్న మన ఐటీ కుర్రాళ్ల ఇళ్లలో డబ్ల్యూ-2 (ఉద్యోగం), 1099 (స్వతంత్ర పని), సీటూసీ (కంపెనీ ద్వారా కాంట్రాక్టు) అన్న మాటలు ఆవకాయ అన్నంత మామూలు. అక్కడా ఇదే చిక్కు. ఉద్యోగి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కడితే మిగతా సగం యజమాని కడతాడు. 1099 మీద స్వతంత్రంగా చేసేవాడు రెండు సగాలూ, 15.3 శాతం, తానే కట్టుకోవాలి. గంటకు ఐదు డాలర్లు ఎక్కువన్న మోజులో ఈ తేడా చూసుకోనివాళ్లు అక్కడా ఉన్నారు. కాలిఫోర్నియా 2020 నుంచి మనిషిని స్వతంత్రుడని చెప్పే భారాన్ని పని ఇచ్చేవాడి మీదే పెట్టింది. మన దగ్గర ఆ భారం ఇంకా పనివాడి నెత్తినే ఉంది.

ఠేకేదారు దారి గురించి ఎక్కువ చెప్పను. మీకూ మిల్లుకూ మధ్య మూడో మనిషి ఉంటే ఆ మనిషి కమీషన్ మీ కూలిలోంచే వస్తుంది. ఒక్కటి మాత్రం తెలుసుకోండి: ఠేకేదారు కూలి ఎగ్గొడితే అసలు కంపెనీ ఆ కూలి చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన కొత్త కార్మిక కోడ్ కూడా అదే చెబుతోంది. కాబట్టి గేటు పాస్ అయినా సరే, మీరు ఏ కంపెనీలో పనిచేశారో చూపించే కాగితం ఒకటి దాచుకోండి.

రేటు తేలాక రెండో ప్రశ్న తేదీ. సూరత్ రింగ్ రోడ్ బజారులో డబ్బు ఎన్ని రోజులకిస్తారన్న గడువును ధారా అంటారు. ముందే ఇచ్చేస్తే కొంత తగ్గించుకుంటారు, అది వటావ్. చీర కొన్న ఊరి వ్యాపారి హోల్‌సేలర్‌కు ఆలస్యం, అతను మిల్లుకు ఆలస్యం, మిల్లు జాబ్ వర్కర్‌కు ఆలస్యం, జాబ్ వర్కర్ తన దగ్గర పనిచేసే కారీగర్‌కు ఆలస్యం. ఈ వరసలో చివర నిలబడ్డవాడి డబ్బుతోనే ముందున్నవాళ్ల వ్యాపారం నడుస్తుంది. మూడు నెలల ధారా ఒప్పుకున్న డిజైనర్ ఎప్పుడు చూసినా మూడు నెలల సంపాదన శేఠ్ దగ్గర వడ్డీ లేని అప్పుగా ఉంచినట్టే. బయట మీరు తెచ్చిన అప్పుకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ కడుతుంటే, మూడు నెలల ఆలస్యం మీ రేటులో ఆరు శాతం కోసినట్టు. 1,000 అని పలికినా మీకు దక్కేది 940.

దీనికి చట్టంలో మందు ఉంది, కాస్త చేదు మందు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకో సేవో కొన్నవాడు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఒంటరిగా ఇంట్లో కూర్చుని డిజైన్లు గీసేవాడు కూడా ప్రభుత్వ ఉద్యం పోర్టల్‌లో నమోదు చేసుకుంటే సూక్ష్మ సంస్థే. బాకీ రాకపోతే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. అది రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. నమోదు మాత్రం పనికి ముందే ఉండాలి. బాకీ పడ్డాక పరిగెత్తి నమోదు చేసుకుని పాత బిల్లుకు ఈ రక్షణ అడిగితే నిలబడుతుందని నమ్ముకోకండి.

2024 మార్చిలో సూరత్ బజారులో జరిగింది ఇక్కడ చెప్పాలి. 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్నులో ఒక నిబంధన చేర్చింది. బజారు నోట అది 43బి(హెచ్)గా నానింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా డబ్బు ఇవ్వకపోతే, కొన్నవాడు ఆ ఏడాది ఆ మొత్తాన్ని ఖర్చుగా చూపించుకోలేడు. అంటే చేతిలోంచి పోని డబ్బుకు పన్ను కట్టాలి. చిన్నవాళ్లకు మేలు చేయాలన్న నిబంధన. కానీ నెలల తరబడి ధారాకు అలవాటుపడ్డ బజారు ఒక్కసారిగా కంగారుపడింది. కొందరు కొనుగోలుదారులు నమోదున్న చిన్న యూనిట్ల సరుకు కొనడానికే వెనకాడారు. కొన్ని యూనిట్లు ఉద్యం నమోదు వదులుకుందామా అని ఆలోచించాయి. మేలు చేసే చట్టం కూడా బలహీనుడి బేరశక్తిని బట్టే పనిచేస్తుందని ఆ మార్చి చూపించింది. అయినా నా సలహా నమోదు చేసుకోమనే. ఉద్యం నంబరు చూసి పారిపోయే పార్టీ 45 రోజుల్లో ఇచ్చే ఉద్దేశం లేని పార్టీ. అతను పోవడం వల్ల మీకు పోయేది తక్కువ.

అడ్వాన్స్ సంగతి వేరు. ముందు డబ్బు ఇచ్చే శేఠ్ దేవుడిలా కనబడతాడు. సూరత్‌లో దీన్ని ఉపాడ్ అంటారు. ఈ అలవాటు ఆ ఊరికి కొత్తది కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో కోఠీ పెట్టింది. రెండు తీరాల్లోనూ దళారుల ద్వారా నేతగాళ్లకు ముందే డబ్బిచ్చి బట్ట రాబట్టే పద్ధతి నడిచింది. దాదనీ అనేవారు. ముందు సొమ్ము తీసుకున్న నేతగాడు అది తీరేదాకా ఇంకొకరికి అమ్మలేడు, ధర మీద నోరెత్తలేడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా కూతురి పెళ్లికి ఉపాడ్ తీసుకున్న కారీగర్ పరిస్థితి అదే. పక్క కార్ఖానాలో మీటరుకు పది పైసలు ఎక్కువిస్తారని తెలిసినా కదల్లేడు.

పని కోసం అడ్వాన్స్ వేరు, బతుకు కోసం అడ్వాన్స్ వేరు. ఇరవై డిజైన్ల ఆర్డరుకు మూడో వంతు ముందే అడగడం మంచి పద్ధతి. ఆ సొమ్ము ఆర్డరుతోపాటే తీరిపోతుంది, శేఠ్‌కు నిజంగా పని కావాలో లేదో కూడా దాంతోనే తేలిపోతుంది. పెళ్లికో ఆస్పత్రికో శేఠ్ దగ్గర తీసుకునే సొమ్ము మాత్రం పని ఒప్పందంలో కలపకండి. తప్పదంటే ఎంత తీసుకున్నారో, ఏ బిల్లులో ఎంత కోస్తారో విడిగా రాసుకోండి. సాధ్యమైతే బ్యాంకు అప్పే మేలు. బ్యాంకు వడ్డీ అడుగుతుంది గాని మీ రేటును శాసించదు.

పన్ను మాట కాస్త. మీకు వచ్చే డబ్బులోంచి శేఠ్ కోసే టీడీఎస్ పద్ధతిని బట్టి మారుతుంది. కాంట్రాక్టు పని కింద చూపిస్తే ఒంటరి మనిషికి ఒక శాతం, వృత్తి సేవల ఫీజుగా చూపిస్తే పది శాతం. పాన్ ఇవ్వకపోతే ఇరవై దాకా పోతుంది. కోసింది కట్టాడో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ పాన్ కింద చూసుకోవచ్చు, చూసుకోవాలి. "జీఎస్టీ నంబరు లేకపోతే పని ఇవ్వం" అనే పార్టీలుంటాయి. సేవలకు ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా సాధారణంగా ఆ నమోదు తప్పనిసరి కాదు. నంబరు కావాలన్నది వాళ్ల సౌకర్యం కోసం. తీసుకుంటే రిటర్నుల ఖర్చు మీది, అదీ రేటులో కలపండి.

డిజైనర్లకు మాత్రం ఇంకో సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే సూరత్‌లో సోమవారం వచ్చిన ప్రింటు శనివారానికి నాలుగు దుకాణాల్లో వేలాడుతుంది. జీతం మీద గీసింది మామూలుగా యజమానిది. ఒకరు అడిగి, డబ్బిచ్చి గీయించుకుంటే 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం ఆ డిజైన్ యజమాని ఆ డబ్బిచ్చినవాడే, రాతలో వేరేలా లేకపోతే. మీ అంతట మీరు గీసి ఆల్బమ్‌లో పెట్టుకున్నవి మీవి. అవైనా రిజిస్టర్ చేయకుండా మిల్లులో 50 కంటే ఎక్కువసార్లు అచ్చు వేయనిస్తే, కాపీరైట్ అడ్డుపెట్టుకుని ఆపే హక్కు పోతుంది. కాబట్టి ఒకే డిజైన్‌ను ఇద్దరికి అమ్మే అలవాటున్నవాళ్లు, ఒక్కరికే అమ్మితే ఒక రేటు, ఎవరికైనా అమ్ముకునే హక్కు తమ దగ్గరే ఉంచుకుంటే ఇంకో రేటు అని బిల్లు మీదే రాయాలి. ఈ ఒక్క వాక్యం లేక జరిగే గొడవలు ఆ ఊళ్లో కొల్లలు.

మరి దేన్ని ఎంచుకోవాలి? నా తీర్పు మొహమాటం లేకుండా చెబుతాను. పని నేర్చుకునే తొలి రెండు మూడేళ్లు, నియామక పత్రం, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న జీతమే తీసుకోండి, కాస్త తక్కువైనా. నేర్చుకునేటప్పుడు చేసే తప్పుల ఖర్చు యజమాని ఖాతాలో పడటం మీకు దొరికే అతి పెద్ద లాభం. చేయి తిరిగాక, మీకంటూ మూడు నాలుగు పార్టీలు ఏర్పడ్డాక, ఆరు నెలల ఇంటిఖర్చు బ్యాంకులో ఉన్నాక బయటికి రండి. ఒక్క పార్టీని నమ్ముకుని బయటికి వస్తే అది స్వేచ్ఛ కాదు, హక్కులు వదులుకున్న ఉద్యోగం. బయటికి వచ్చాక కూడా అంతా పీసు లెక్కన పెట్టుకోకండి. బాగా తెలిసిన ఒక పార్టీతో నెలకు ఇన్ని డిజైన్లు, పని ఇచ్చినా ఇవ్వకపోయినా ఇంత అని ఖాయం చేసుకోండి. ఇంటి అద్దె, బియ్యం, బడి ఫీజు ఆ ఖాయం డబ్బులోంచి పోవాలి. మిగతా పార్టీలది పీసు రేటు. సొంత మిషను, షెడ్డు, జాబ్ వర్క్ అన్నది ఆ తర్వాతి మాట. పిల్లల చదువు నడుమన ఉన్నవాళ్లు, ఇంట్లో నెలనెలా మందులు కొనాల్సిన పెద్దవాళ్లున్నవాళ్లు తొందరపడక్కర్లేదు. తెగువ లేదని ఎవరైనా అంటే అననివ్వండి.

కాగితం అడగడానికి మనవాళ్లకు మొహమాటం. "శేఠ్‌కు నా మీద నమ్మకం లేదనుకుంటాడేమో" అంటారు. ఒప్పందం అంటే స్టాంపు పేపరు, లాయరు అనుకోవడం వల్ల వచ్చిన భయం అది. మాట్లాడుకుని ఇంటికొచ్చాక అదే రోజు ఒక వాట్సాప్ సందేశం పంపండి, హిందీలోనో గుజరాతీలోనో, ఆయనకు వచ్చిన భాషలో. భావం ఇంతే: "శేఠ్‌జీ, ఇవాళ అనుకున్నట్టు ఇరవై ప్రింట్లు, ఒక్కోటి వెయ్యి. ఒక్కోదానికి రెండుసార్లు మార్పులు ఇందులోనే, మూడోసారి నుంచి రెండు వందలు. మూడో వంతు ముందు, మిగిలింది ఫైల్ ఇచ్చిన ముప్పై రోజుల్లో. సరేనా?" అటునుంచి "హా భాయ్" అని వస్తే మీ చేతిలో ఒక రాత ఉన్నట్టే. ఆ చాట్ చెరపకండి, ఫోన్ మార్చినా దాచుకోండి. బాకీ దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. జవాబు రాకపోతే పని మొదలుపెట్టకుండా ఒకరోజు ఆగండి. ఆ ఒక్క ఖాళీ రోజు మీ ఖాతాలో పడినా నష్టం లేదు.

జీతం ఉన్నా లేకపోయినా మీ ఖాతాలో మీరే వేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి రెండు లక్షలు. జీవన జ్యోతి బీమా ఏడాదికి 436, ఏ కారణంగా పోయినా రెండు లక్షలు. రెండింటికీ బ్యాంకు ఖాతా ఉండాలి, వయసు పరిమితి కూడా ఉంది. పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్లు అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. ఆ నమోదుకు గానీ, ఉద్యం నమోదుకు గానీ ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. ఆధార్, పాన్ పట్టుకుని కూర్చుంటే ఫోన్‌లోనే ఉద్యం పని పూర్తవుతుంది. రెండు వేలిస్తే చేసిపెడతానని బజారులో ఎవరైనా బోర్డు పెట్టుకుని కూర్చుంటే, ఇవ్వకండి.